తెరపై తెలుగు వత్తు – ఒక విమర్శ

యాప్‌లను తెలుగు చేయువారు మాటలను పరిశీలించుచున్నారు గాని, అక్షరము నిలుచు చోటును పరిశీలించుట అరుదు. రోమను లిపికి కొలిచిన మీటలో తెలుగు వత్తు అడుగున తెగిపోవుటను పెక్కుమారులు గాంచితిమి. “రద్దు” అను మాట “రదు”గా కన్పట్టును. సొమ్ము చెల్లించు తెరపై ఇది అల్పదోషము కాదు.

అక్షరమును కుదించిన సరిపోవునని కొందఱందురు. కుదించినచో మొదట చెడునది వత్తే. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పుననే తెలుగు చేరినది. “ద్దు” అందు 4 సంకేతముల కూర్పు. సంకేతములు సమగ్రముగనే ఉన్నవి. కావున లోపము తెరను కొలిచినవారిదే.

పఠిత పంక్తుల ఎడమును అక్షరపరిమాణమునకు 1.5 రెట్లు చేసికొన్నను విషయము లోపింపరాదని 2018 నాటి వెబ్ సౌలభ్య నియమావళి విధించినది. ఆ దృష్టి వత్తునకును వర్తింపవలెనని, మీట ఎత్తును “స్త్రీ” వంటి అక్షరముతో కొలిచి నిర్ణయింపవలెనని మా మతము.