చెయ్యి కనబడే రాక్షసబల్లులు

రాక్షసబల్లుల మీద డాక్యుమెంటరీ అంటే మన పిల్లలకు తెలిసినవి కంప్యూటర్ బొమ్మలే. 1999లో బి.బి.సి. వారు 'వాకింగ్ విత్ డైనోసార్స్' తీసినప్పటి నుంచి అందరూ అదే దారి పట్టారు. 2022లో వచ్చిన 'ప్రీహిస్టారిక్ ప్లానెట్' చూస్తుంటే ఆ జంతువులు ఇప్పుడు భూమ్మీద లేవంటే నమ్మబుద్ధి కాదు. వాటి గొప్పతనాన్ని నేను కాదనను. అయినా నా ఓటు పాత పద్ధతికే, అంటే స్టాప్ మోషన్‌కే. ఇది చిన్ననాటి సినిమాల మీద బెంగ మాత్రమే కాదు, దీని వెనక ఒక వాదన కూడా ఉంది.

పద్ధతి తెలియనివారికి రెండు ముక్కలు. లోపల కీళ్ళున్న లోహపు అస్థిపంజరం, దాని మీద రబ్బరు చర్మం. ఆ బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫొటో తీస్తారు. మళ్ళీ కాస్త కదిలించి మరొకటి. తెరమీద ఒక్క సెకనుకు 24 ఫొటోలు, నిమిషానికి 1440. మధ్యలో ఎవరి మోచెయ్యో తగిలి బొమ్మ పక్కకు ఒరిగిందంటే ఆ పూట శ్రమ వృథా.

ఈ శ్రమకు 1956 నాటి 'ది యానిమల్ వరల్డ్' మంచి ఉదాహరణ. అది ఇర్విన్ అలెన్ తీసిన డాక్యుమెంటరీ. అందులో రాక్షసబల్లుల భాగాన్ని 'కింగ్ కాంగ్' (1933)కు ప్రాణం పోసిన విల్లిస్ ఓబ్రయన్, ఆయన శిష్యుడు రే హ్యారీహౌసెన్ కలిసి చేశారు. చూడముచ్చటగా ఉంటుంది కాని, లోపం కూడా అక్కడే ఉంది. జంతువులు ఎప్పుడు చూసినా కొట్టుకుంటూనే ఉంటాయి. ఒకదాన్ని మరొకటి చంపుతుంది, చచ్చినదాని కోసం ఇంకో రెండు పోట్లాడుకుంటాయి, చివరికి అగ్నిపర్వతం బద్దలవుతుంది. ఒక్కో సెకనుకు ఇంత చాకిరీ ఉన్నప్పుడు, జంతువు ఊరికే నిలబడి ఆకులు నమలడాన్ని ఎవరు తీస్తారు?

ఫిల్ టిపెట్ తీశాడు. 1984లో ఆయన చేసిన పది నిమిషాల 'ప్రీహిస్టారిక్ బీస్ట్'లో మాటలు లేవు. ముక్కు మీద కొమ్మున్న ఒక శాకాహారి మేస్తూ అడవిలోకి వెళుతుంది, టిరెనోసారస్ దాన్ని వేటాడుతుంది. కథ అంతే. కాని ఆ మేత మేయడంలో, ఏదో అనుమానం వచ్చి ఆగడంలో, మళ్ళీ తలవంచడంలో మన ఊరి గేదె కనిపిస్తుంది నాకు. భయం ఆ ఆగడంలోనే ఉంది, కోరల్లో కాదు. మరుసటి సంవత్సరం సి.బి.ఎస్. టెలివిజన్‌లో క్రిస్టఫర్ రీవ్ వ్యాఖ్యానంతో వచ్చిన 'డైనోసార్!' డాక్యుమెంటరీలో ఈ దృశ్యాలను వాడుకున్నారు. దానికి ఎమ్మీ బహుమతి కూడా వచ్చింది.

టిపెట్ వాడిన పద్ధతికి 'గో మోషన్' అని పేరు. ఫొటో తీసే క్షణంలోనే మోటార్లు బొమ్మను కాస్త కదిలిస్తాయి. దాంతో బొమ్మ అంచులు కొంచెం చెదిరి, కదలికలో కుదుపు తగ్గుతుంది. తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. ఆ మిగిలిన కుదుపే నాకు ఇష్టం.

తోలుబొమ్మలాట చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తెర వెనక ఆడించే చేతులున్నాయని తెలుసు, బొమ్మకు కట్టిన కర్ర నీడ కూడా కనిపిస్తుంటుంది. అయినా సీతమ్మ ఏడిస్తే మన కళ్ళు చెమరుస్తాయి. అక్కడ మనల్ని ఎవరూ మోసం చెయ్యలేదు, మనమే ఇష్టపడి నమ్మాం.

కంప్యూటర్ డాక్యుమెంటరీ మనల్ని ఇలా అడగదు. 'వాకింగ్ విత్ డైనోసార్స్'లో ఒకచోట టిరెనోసారస్ గర్జిస్తే దాని ఉమ్ము కెమెరా అద్దం మీద పడుతుంది! కెమెరామన్ అక్కడే ఉన్నాడని చెప్పడమన్నమాట. సరదాగానే ఉంది. కాని అదే కార్యక్రమం లయోప్లూరోడాన్ అనే సముద్ర జంతువు 25 మీటర్ల పొడవని చూపించింది. నేటి శాస్త్రజ్ఞుల అంచనా ఏడు మీటర్లకు అటూ ఇటూ. అంచనా తప్పడం నేరం కాదు, శాస్త్రం నడిచేదే అలాగ. 1956 బొమ్మలూ ఆనాటి పొరపాటు నమ్మకాల ప్రకారమే నిలబడ్డాయి. తేడా ఏమిటంటే, కుదుపుతో నడిచే బొమ్మ తాను ఊహనని నడకలోనే చెబుతుంది. నున్నగా నడిచేది తాను సాక్ష్యమంటుంది.

మన గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో ఉంది. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు పిల్లలకు చూపించండి. దాని పుర్రె దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రం దొరికాయి. అంటే పైన కనిపించే తల మనుషులు ఊహించి చేసినదే. ఆ సంగతి చెబితే పిల్లల ఉత్సాహం తగ్గదు. "మరి ఎలా చేశారు?" అని అడుగుతారు. శాస్త్రం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

ఇక్కడ మనం కూడా రోజూ చేస్తున్నది ఇలాంటి పనే. తాము చూడని ఊరిని, తాతయ్యల కాలాన్ని, నాలుగు ఫొటోలు, కొన్ని కథలు పోగేసి పిల్లల కళ్ళముందు కదిలిస్తున్నాం. దొరకని తల మనమే అతికిస్తున్నాం. అది తప్పనిసరి. కాని అంతా బంగారమేనని, అంతా అచ్చం ఇలాగే ఉండేదని నున్నగా చెబితే, వాళ్ళు పెద్దయ్యాక ఏదో ఒకరోజు కొలిచి చూస్తారు. ఇంత నాకు తెలుసు, ఇంత నా ఊహ అని కుదుపుతో చెబితేనే కథకు ఆయుష్షు ఎక్కువ.

1993లో 'జురాసిక్ పార్క్' కోసం కంప్యూటర్ వచ్చి గో మోషన్‌ను పక్కకు నెట్టింది. అయినా టిపెట్‌ను వదులుకోలేకపోయారు. కీళ్ళకు సెన్సార్లు అమర్చిన బొమ్మలను ఆయన బృందం చేతులతో కదిలిస్తే, ఆ కదలికను కంప్యూటర్ అందుకునే ఏర్పాటు చేశారు. బరువు ఎక్కడ మోపాలో, జంతువు ఎప్పుడు ఆగి వినాలో ఆ చేతులకు తెలుసు మరి. ఆ సినిమాకు వచ్చిన విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్‌లో ఆయనకూ వాటా దక్కింది.

'ప్రీహిస్టారిక్ బీస్ట్' ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పది నిమిషాలే కదా, ఒక శనివారం సాయంత్రం పిల్లలతో కూర్చుని చూడండి. మొదట నవ్వుతారు. ఆ శాకాహారి మేత ఆపి తలెత్తినప్పుడు వాళ్ళ ముఖాలు చూడండి.