ఎటు ముఖంగా నిలబడాలి

పడవలో కూర్చున్నవాడి కన్ను నీటికి రెండు మూడు అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే నది అంతా ఒక మెరుపు పూత. చూపు నీటి మీద ఏటవాలుగా జారిపోతుంది, ఆకాశం తప్ప మరేమీ కంటికి రాదు. అదే మనిషి లేచి నిలబడితే కన్ను అయిదడుగులకు లేస్తుంది. ఆ కాస్త ఎత్తుకే నది రెండుగా విచ్చుకుంటుంది. కాళ్ళ దగ్గర చూపు నిటారుగా దిగి అడుగున ఉన్న ఇసుక చారలను పట్టుకుంటుంది. దూరాన అదే చూపు వాలిపోయి మబ్బులను పట్టుకుంటుంది. ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఇసుక మబ్బుగా మారే చోటు ఒకటుంటుంది. మనం తెడ్డు వేసి ముందుకు జరిగితే అదీ జరుగుతుంది. స్టాండప్ పాడిల్‌బోర్డింగ్‌లో నన్ను కట్టి పడేసిన అందం ఇదే. వేగం కాదు, సాహసం అంతకన్నా కాదు.

సరంజామా కొంచెమే. పది పదకొండు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పలక, మనిషి కన్నా జానెడు ఎత్తయిన తెడ్డు. గాలి కొట్టే రకమైతే చుట్ట చుట్టి ఆటోలో వేసుకుపోవచ్చు. హవాయి దీవుల్లోని వైకీకీ తీరంలో సర్ఫింగ్ నేర్పేవాళ్ళు గత శతాబ్ది మధ్యలోనే ఇలా తెడ్డు పట్టి నిలబడేవారు. 2000 తరవాత అది లోకమంతా పాకింది. మన తీరానికి మాత్రం ఈ నిలుపు కొత్తది కాదు. దుంగలు తాళ్ళతో బిగించిన తెప్ప మీద నిలబడి తెడ్డు వేసే జాలరిని శ్రీకాకుళం తీరం తరతరాలుగా చూసింది. ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాక తెప్పలు తగ్గాయి. ఎక్కడైనా ఒకటి కనిపిస్తే ఆగి ఆ మనిషి కాళ్ళనే చూడండి. పాదాలు ఎడంగా, వేళ్ళు దుంగను పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా సడలి ఉంటాయి. కెరటం లేపిన కుదుపు మోకాళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. నడుము పైన మనిషి కదలడు. నాట్యం తెలిసినవాళ్ళు కూడా ఆ నిలుపు ముందు కాసేపు నిలబడతారని నా నమ్మకం.

ఇక చోటు ఎంచుకోవడం. ఆలంకారికులు రసానికి ఆలంబనం వేరు, ఉద్దీపనం వేరు అన్నారు. ఇక్కడ నీరు ఆలంబనం. వేళ, గాలి, వెలుగు ఉద్దీపనాలు. ఫొటో బాగుందని చోటు ఎంచుకునేవాళ్ళు ఈ రెండో సంగతి మరిచిపోతారు. నేను ఇంకొకటి కూడా కలుపుతాను. ఎటు ముఖంగా నిలబడతామన్నది అన్నిటికన్నా ముఖ్యం. మోటారు బోటులో కూర్చున్నవాడు తల అటూ ఇటూ తిప్పుతాడు. పలక మీద నిలబడినవాడు తిప్పితే తూలతాడు. గంటసేపు కళ్ళముందు ఉండేది ఒక్కటే, అది అంగుళం అంగుళంగా పెరుగుతూ వస్తుంది. ఆ ఒక్కటీ గంటసేపు చూడదగ్గదై ఉండాలి.

విజయనగరం వైపు తాటిపూడి జలాశయం చాలామందికి మొదట తోస్తుంది. గంట్యాడ మండలంలో గోస్తని మీద 1960లలో కట్టిన ఆనకట్ట అది, విశాఖకు తాగునీరు ఇస్తుంది. చుట్టూ కొండలు, ప్రవాహం లేని నీరు. కాళ్ళు కుదురుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఇరిగేషన్ వాళ్ళ అనుమతి తీసుకుని, గట్టుకు వీపు పెట్టి, గోస్తని దిగి వచ్చే అనంతగిరి కొండల వైపు సాగాలి. అందం ఉంది, కాదనను. అయితే అద్దంలా నిలిచిన నీటిలో కొండ ఎంతో దాని నీడా అంతే. మొదటి పావుగంటలో చూసిందే చివరిదాకా చూస్తాం.

చింతపల్లి దగ్గర లైట్‌హౌస్, రాళ్ళు, నీలి సముద్రం మనసు లాగుతాయి. కానీ మన తీరంలో కెరటం ఒడ్డునే విరుగుతుంది, దాన్ని దాటి నిలబడగలిగేది బాగా చేయి తిరిగినవాళ్ళే. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే మొగ అంతకన్నా నెమ్మది.

వెళ్ళకూడని చోటు కూడా ఒకటి చెప్పాలి. టెక్కలి మండలం తేలినీలాపురంలో సెప్టెంబరు మొదలుకొని ఎండలు ముదిరేదాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివాళ్ళకు అవి పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. అవి మేతకు దిగేది నౌపడ చిత్తడి నేలల్లో, ఉప్పుమళ్ళ పక్కన కాలవల్లో. ఆ నీరు అలా పరుచుకుని ఉంటే పలక దించాలనిపిస్తుంది. దించకండి. నిలబడిన మనిషి ఆకారం కనిపిస్తే చాలు, పక్షి మేత వదిలి లేస్తుంది. గట్టు మీద నుంచి బైనాక్యులర్‌తో చూస్తే ఆ అందం ఏమీ తగ్గదు.

బారువకు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. వచ్చినవాళ్ళంతా సముద్రం వైపే చూస్తారు. నదిలో నిలబడి సముద్రానికి వీపు పెట్టి చూడండి. ఉద్దానం కొబ్బరితోటల పైన, తేటగా ఉన్న చలికాలపు ఉదయం, ఒడిశా సరిహద్దుకు అవతల మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. నది పుట్టిన కొండను నది చివర నిలబడి చూడడం మన పెద్ద నదులు వేటి దగ్గరా కుదరదు. గోదావరి మొగలో నిలబడి త్ర్యంబకాన్ని ఎవరు చూడగలరు? ఇక్కడ పుట్టుక, కలయిక ఒకే చూపులో ఇముడుతాయి. తొమ్మిది దాటితే కొండను తెల్లటి మసక కప్పేస్తుంది, అందుకని తెల్లవారుతూనే నీటిలో ఉండాలి.

అయినా నా మనసు వంశధారదే. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవబోయే ముందు ఆ నది వెడల్పుగా, తొందర లేకుండా పరుచుకుంటుంది. అక్కడికి అయిదారు కిలోమీటర్ల ఎగువన, కుడిగట్టున సాలిహుండం కొండ. అందరూ నదితోపాటు సముద్రానికి వెళ్ళాలనుకుంటారు. నేను తిరగేసి చెబుతున్నాను. కళింగపట్నంలో, మొగకు బాగా లోపల, పోటు ఎక్కుతున్న వేళ పలక దించి సాలిహుండం వైపు వెళ్ళండి. ఉదయపు సూర్యుడు వీపు వెనక ఉంటాడు కనుక నీరు కళ్ళలో మెరవదు, అడుగు తేటగా కనిపిస్తుంది. ఎండ నేరుగా కొండ మీద పడుతుంది. కాసేపటికి సముద్రపు గాలి లేచి వెనక నుంచి నెడుతుంది. సాలిహుండం నుంచి సముద్రం వైపు వస్తే ఇవన్నీ ఎదురు తిరుగుతాయి. పైగా ఆటు వేళ మొగ దగ్గర నీటి లాగుడు మనిషిని సముద్రంలోకి తీసుకుపోతుంది. లైఫ్ జాకెట్, పలకను కాలికి కట్టే తాడు లేకుండా ఆ నీటిలో కాలు పెట్టకూడదు.

పోటు ఎక్కేటప్పుడు తీయటి నీటి కిందికి ఉప్పునీరు బరువుగా దూరుతుంది. రెండూ ఒరుసుకునే చోట నీటిలోనే సన్నటి వణుకు కనిపిస్తుంది, అడుగున ఇసుక చారలు కరిగి మళ్ళీ గట్టిపడినట్టుంటాయి. కొయ్యింగ చేపపిల్లలు గుంపుగా పలక నీడ దాకా వచ్చి ఒక్కసారిగా విడిపోతాయి. తెడ్డు ఎత్తిన ప్రతిసారీ దాని అంచు నుంచి జారిన చుక్కలు వరసగా పడి, ఒక్కో చుక్కా ఒక్కో వలయం గీస్తుంది. గట్టున తాటిచెట్లు, సరుగుడు తోటలు మెల్లగా వెనక్కి పోతుంటే కొండ దగ్గరవుతుంది. మొదట నీలంగా, తరవాత పచ్చగా, చివరికి ఇటుక ఎరుపుతో.

ఆ ఇటుక ఎరుపు స్తూపాలది, చైత్యాలది. క్రీస్తుకు పూర్వమే మొదలై వెయ్యేళ్ళకు పైగా బౌద్ధులు ఉన్న కొండ అది. 1919లో దీన్ని లోకం దృష్టికి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. ఈ నదికే ఎగువన, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవాడు ఆయన. పలక మడిచి మెట్లెక్కి మహాస్తూపం దగ్గర నిలబడితే వచ్చిన దారంతా కింద పరుచుకుని ఉంటుంది. ఆ చోటు ఎంచుకున్న భిక్షువులకు ఎటు ముఖంగా కూర్చోవాలో బాగా తెలుసు. ఒక పక్క నది, దూరాన రేవు, మధ్యలో ఏ అడ్డూ లేదు.

వానాకాలం వరదలు తగ్గాక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తెచ్చిన వరద లాంటిది వస్తే తెలిసిన దారే కొత్తదైపోతుంది, పలక కింది రెక్క ఇసుకకు తగిలి మనిషి ముందుకు పడతాడు. కాబట్టి ముందు రోజే కళింగపట్నం వెళ్ళి జాలర్లను అడగండి. మొగ ఈ ఏడు ఎటు తిరిగిందో, లోతు ఏ గట్టున ఉందో వాళ్ళు చెబుతారు. పోటు వేళ రోజుకు ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంది కనుక తెల్లవారుజామున పోటు దొరికే రోజులు పక్షానికి కొన్నే. తిథిని బట్టి ఆ లెక్క నోటిమీద చెప్పే పెద్దలు ఆ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు చెప్పిన రోజుకు సెలవు పెట్టండి, ఆదివారం కోసం చూడకండి.