కాలవ గట్టు మీద కిలోమీటరు

నేను కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. చేతిసంచీలోంచి చిన్న నల్ల బూట్ల జత తీసి నా బల్ల మీద పెట్టింది. "సార్, ఇవి బళ్ళో ఇచ్చినవే. మా పిల్ల వీటిని కాళ్ళకేసుకోదు. చేత్తో పట్టుకుని బడికెళ్తంది. ఎందుకో ఒకసారి మీరే వచ్చి చూడండి" అంది. బూట్ల అడుగున మట్టి మరక కూడా లేదు.

అది 2022 జులై నెలాఖరు. కృష్ణా డెల్టాలో ఒక మండలానికి అప్పుడు నేను విద్యాశాఖాధికారిని. మండలం పేరు రాయను. రాస్తే ఆ పిల్లెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఆ జూన్‌లోనే 117 నంబరు జీవో వచ్చింది. ప్రాథమిక బడిలో ఉన్న మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపు ఉన్న హైస్కూలుకు పంపాలి. ఒకటి, రెండు తరగతులు పాత చోటే ఉంటాయి. శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, ఫౌండేషన్ ప్లస్, ప్రీ హైస్కూల్, హైస్కూల్, హైస్కూల్ ప్లస్ అని ఒక్క బడికి ఆరు పేర్లొచ్చాయి. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు పాఠం చెబుతారని ప్రభుత్వం మాట. మా ఆఫీసులో మాత్రం ఆ నెలంతా వినబడింది ఒకటే మాట: మ్యాపింగ్. ఏ బడి, ఏ హైస్కూలు, మధ్య దూరమెంత, రోలెంత, గదులెన్ని, టీచర్లెందరు. సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఫోన్లో దూరం చూసి చెప్పేవాడు, నేను పట్టికలో రాసుకునేవాణ్ణి. ఆవిడ పిల్ల చదివే బడి ఎదురుగా 880 మీటర్లు అని రాశాను. ఈ బడి నుంచి ఆ బడికి తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం అది. గీత కాలవ మీదుగా పోతుంది. వంతెన మాత్రం లాకుల దగ్గరుంది.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికల్లా వాళ్ళ గుమ్మం ముందున్నాను. మూడో తరగతి పిల్ల, ఐదో తరగతి చదివే వాళ్ళన్న, వెంట మరో ముగ్గురు. సిమెంటు రోడ్డు చివరి ఇంటితో అయిపోయి డొంక మొదలైంది. డొంక దాటితే కాలవ గట్టు. ఊడ్పుల రోజులు. దమ్ము చేసే ట్రాక్టర్లు తిరిగి తిరిగి గట్టంతా గాళ్ళు పడ్డాయి. నల్లమట్టి వానకు తడిస్తే ఎలా ఉంటుందో డెల్టా వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. గట్టెక్కే ముందు పిల్లలంతా ఒక్కసారే ఆగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బూట్లు విప్పి చేత పట్టుకున్నారు. ఆ పిల్ల ఒక చేతిలో బూట్లు, రెండో చేత్తో అన్న సంచీ పట్టీ. దారిలో పంట బోదె మీద ఒక తాటి దూలం వేసి ఉంది. పెద్దవాళ్ళకు అది రెండడుగుల పని. ఆ పిల్ల బూట్లు అన్నకిచ్చి, దూలం మీద కూర్చుని, అంగుళం అంగుళం జరుగుతూ దాటింది. అవతల దిగి మళ్ళీ బూట్లు తీసుకుంది. లాకుల దగ్గర వంతెన దాటి, తారు రోడ్డెక్కి, బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుని, బూట్లు తొడుక్కుని హైస్కూలు గేట్లో అడుగుపెట్టేసరికి నా వాచీలో నలభై ఒక్క నిమిషం గడిచింది. సాయంత్రం బండి మీద కొలిపించాను. కిలోమీటరూ తొమ్మిది వందల మీటర్లు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలన్నది దాని కింద పెట్టుకున్న నియమం. కేంద్రం పంపిన నమూనా నియమాల్లో ఇంకో మాట కూడా ఉంది. వరద భయమున్న చోట, రోడ్డు లేని చోట, ఇంటి నుంచి బడికొచ్చే దారిలో పసిపిల్లలకు ప్రమాదమున్న చోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించుకోవాలి. నేను ఆ నియమం చదివినవాణ్ణే. శిక్షణ తరగతుల్లో పదిమందికి చెప్పినవాణ్ణే. అయినా 880 అని రాసి సంతకం పెట్టాను.

ఇంత చెప్పాక విలీనమే తప్పని నేను తేల్చేస్తానని మీరనుకోవచ్చు. అలా అనను. అధికారినయ్యే ముందు పదకొండేళ్ళు ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేశాను. ఒకే గది, ఐదు తరగతులు, పదిహేడో పద్దెనిమిదో మంది పిల్లలు. గదికి ఈ చివరొక నల్లబల్ల, ఆ చివరొక నల్లబల్ల. ఇటు మూడో తరగతికి తీసివేతలు వేసిచ్చి, అటు తిరిగి ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే, మధ్యలో ఐదో తరగతి పిల్లలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళు. నాకు జ్వరమొస్తే బడికి సెలవే. మండలంలో మీటింగుంటే మధ్యాహ్నం దాకా పిల్లలకు ఆటే పాఠం. నాలుగో తరగతిలో ఏడాదంతా ఒక్కతే పిల్ల. పద్యం అప్పజెప్పడానికి, తప్పు దిద్దుకోవడానికి పక్కన తోడు లేకుండా ఏడాది గడిపింది. చిన్న బడి ముద్దుగా ఉంటుందని దూరం నుంచి చూసి రాసేవాళ్ళు ఆ పిల్ల పక్కన ఒక్క పూట కూర్చోవాలి. అరవై మంది వరకు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆ పదకొండేళ్ళూ నేనొక్కణ్ణే.

పక్క ఊళ్ళో ఒక గదిలో డెబ్భై మంది కిక్కిరిసి ఉంటే, ఈ ఊళ్ళో మూడు గదులకు తాళాలు పడి ఉంటాయి. కాబట్టి పిల్లల్ని సర్దాల్సిందే, గీత మళ్ళీ గీయాల్సిందే. ఆ పని చెయ్యను అనే హక్కు ఏ అధికారికీ లేదు. ఎలా గీయాలన్నదే నా బాధంతా.

డెల్టా ఊళ్ళలో కాలవ కంటే దాటరాని గీత ఇంకొకటుంది. మన బడుల పేర్లు చూడండి. ఎంపీపీ స్కూలు మెయిన్ అని ఒకటి, అదే ఊరి పేరు పక్కన ఎస్సీ అనో, హెచ్‌డబ్ల్యూ అనో రాసి ఇంకొకటి. ఆ హెచ్‌డబ్ల్యూ అంటే హరిజనవాడ. మా మండలంలో ఒక ఊళ్ళో ఈ రెంటికీ నడుమ నాలుగు వందల మీటర్లు కూడా లేదు. ఊళ్ళో బడికి పద్నాలుగు మంది, వాడలో బడికి నలభై ఒక్కమంది. వాడ బడికే కొత్త గదులు, ప్రహరీ, మంచి నీళ్ళు. పిల్లలెక్కువున్నదీ అక్కడే. లెక్క ప్రకారం పద్నాలుగు మందే వాడకు రావాలి. మీటింగులో ఆ మాట అనగానే గదంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఒక పెద్దాయన, "మాస్టారూ, ఆ పిల్లల్నే ఇటు తెప్పించండి, అందరికీ బాగుంటుంది" అన్నాడు. అందరూ అంటే ఎవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

గీతను వాడ వైపే గీశాను. ఆ సంతకానికి ఈనాటికీ చింతించను. పద్నాలుగు మందిలో ముగ్గురొచ్చారు. మిగతా పదకొండు మందీ జులై తిరక్కుండానే టౌను నుంచొచ్చే ప్రైవేటు స్కూలు పసుపు బస్సెక్కారు. 1966లో కొఠారీ కమిషన్ ఇరుగుపొరుగు బడి గురించి చెప్పింది. కులం, డబ్బు చూడకుండా ఆ చుట్టుపక్కల పిల్లలంతా ఒకే బడికి రావాలని. ఆ ముగ్గురు పిల్లలు వాడ బళ్ళో మధ్యాహ్నం భోజనానికి పంక్తిలో కూర్చోవడం నేను చూశాను. మొదటి వారం ఓ పక్కగా కూర్చున్నారు. దసరా సెలవులయ్యేసరికి ఎవరెక్కడ కూర్చున్నారో నాకు పోల్చుకోవడం చేతకాలేదు.

అమెరికాలో ఈ కథ కోర్టు దాకా వెళ్ళింది. నల్ల పిల్లల్నీ తెల్ల పిల్లల్నీ కలపడానికి బడుల సరిహద్దులు మార్చవచ్చని, బస్సులు పెట్టవచ్చని 1971లో షార్లెట్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది. ఇవాళ టెక్సాస్‌లో ఫ్రిస్కో వంటి చోట్ల ఉన్న మన తెలుగువాళ్ళు ఇల్లు కొనేముందు అడిగే మొదటి ప్రశ్న, ఇది ఏ స్కూలు జోన్ అని. అక్కడ గీత జరిగితే ఇంటి ధర జరుగుతుంది. అయితే అక్కడ మ్యాపు ముందే జనం ముందు పెడతారు. తల్లిదండ్రులు మైకు ముందుకొచ్చి మాట్లాడతారు. చివరి తరగతిలో ఉన్న పిల్లల్ని చాలాచోట్ల అదే బళ్ళో చదువు ముగించనిస్తారు. మన దగ్గర 2022 జూన్‌లో జీవో వచ్చింది, జులై 5న బడులు తెరిచారు. ఆ నెల లోపే అన్నీ అయిపోవాల్సి వచ్చింది. ఆ ఏడాది రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు బడులకు తాళాలు వేసి గేటు ముందు కూర్చున్నారంటే వాళ్ళను తప్పుపట్టే నోరు నాకు లేదు.

ఊళ్ళ సంగతి ఇలా ఉంటే విజయవాడలో సులువనుకోకండి. బ్యారేజీ పైనుంచి బయల్దేరే ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ నగరాన్ని చీల్చుకుంటూ పోతాయి. వాటికి తోడు రైలు పట్టాలు, జాతీయ రహదారులు, అటు బుడమేరు వాగు. రెండు మున్సిపల్ బడుల మధ్య అరకిలోమీటరే ఉండొచ్చు. ఆ అరకిలోమీటరులో ఒక రైల్వే గేటు ఉంటే ఏడేళ్ళ పిల్లకు అది వేరే ఊరే. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ఏ వీధి ఏ వీధికి దగ్గరో, ఏది దూరమో నీళ్ళే చూపించాయి. పక్క వీధికి పోవాలన్నా పడవ కావలసొచ్చింది. బడికి దారి గీసేవాళ్ళు ఆ వారం రోజుల ఫొటోలు ఒకసారి ముందేసుకుని చూడాలి.

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికొస్తాను. మర్నాడే నివేదిక రాశాను. 880 కొట్టేసి 1,900 అని వేసి, దారి పటం చేత్తో గీసి, తాటి దూలం ఉన్నచోట ఎర్ర సిరాతో గుర్తు పెట్టి పంపాను. గీత మారడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ ఊరి నుంచి హైస్కూలుకు వెళ్ళాల్సిన పదకొండు మందిలో నలుగురు అప్పటికే ప్రైవేటు బడిలో చేరిపోయారు. బూట్లు తెచ్చిన ఆవిడ కూలిపనికి పోయే మనిషి. ఫీజు కట్టలేక పిల్లను గట్టు మీదే నడిపించింది. పాత బళ్ళో మూడో తరగతి మళ్ళీ తెరిచిన రోజు ఆ పిల్ల బూట్లేసుకుని వచ్చింది.

2023లో నేను రిటైరయ్యాను. 2025 మేలో 117 జీవోను రద్దు చేసి 19, 20, 21 నంబర్ల జీవోలిచ్చారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్ళ నుంచి ప్రాథమిక బడులకు తిరిగొచ్చాయి. తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళొచ్చాయి. అది నేను పదకొండేళ్ళు ఎదురుచూసిన మాటే, సంతోషమే. కానీ మోడల్ బడి నిండాలంటే పక్క బడుల పిల్లలు నడిచి రావాలి. అంటే మళ్ళీ పట్టిక, మళ్ళీ దూరాలు, మళ్ళీ ఎవరో ఒక సీఆర్పీ ఫోను చూసి అంకె చెప్పడం.

విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళుండాలి. దారి సంగతి వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏ బోదె ఎప్పుడు పొంగుతుందో, ఏ మలుపులో కుక్కలుంటాయో, ఏ బ్రాందీ షాపు ముందు నుంచి ఆడపిల్లలు నడవలేరో వాళ్ళు నోటితో చెప్పగలరు. మా రోజుల్లో కమిటీ తీర్మానమంటే తయారుగా రాసి ఉన్న కాగితం మీద వేలిముద్రలు. నేనూ అలా తీసుకున్నవాణ్ణే.

నా తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క విన్నపం. పట్టికలో దూరం గడి నింపేముందు, కాలవకు నీళ్ళు వదిలాక, ఊడ్పుల్లో, వాన పడ్డ మర్నాడు, ఆ ఊరి మూడో తరగతి పిల్ల వెనక ఆ దారిన నడవండి. ఆ పిల్ల ఎన్ని నిమిషాలకు చేరితే అన్ని రాయండి. తల్లులూ, మీ బడి గురించి కమిటీ మీటింగని కబురొస్తే ఆ పూట కూలి పోయినా వెళ్ళండి. కాగితం మీద దూరమెంత వేశారో చదివి వినిపించమని అడగండి. వినకుండా వేలిముద్ర వేయకండి.