వాలొరెంట్ ఆటలో కాలము వెల

నిరుడు మా కళాశాలలో బి.యస్‌సి. తుది సంవత్సరము చదువుచున్న విద్యార్థి ఒకడు వైమానిక దళపు ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టుట మానుకొనెను. వానికి మార్కులు చాలినన్ని ఉన్నవి, కన్ను మంచిది. కారణమేమని అడిగితిని.

"నా చెయ్యి స్లో అండి సార్. ఏడాది నుంచి వాలొరెంట్ ఆడుతున్నా, బ్రాంజ్ దాటలేదు. నేను చూసేలోపే అవతలివాడు కాల్చేస్తాడు" అనెను.

ఒక ఆట ఇచ్చిన తీర్పును ఆ పిల్లవాడు తన నరములపై వచ్చిన తీర్పుగా తలచినాడు. అది ఎంతవరకు నమ్మదగినదో తెలియవలెనన్న ఆటను ఎరుగక తప్పదు గదా! కొన్ని నెలలు నేనును ఆడితిని. నా ఆట సంగతి అడుగవద్దు. ఆటను గురించి మాత్రము చెప్పవలసినది కొంత ఉన్నది.

వాలొరెంట్‌ను అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరమునందలి రయట్ గేమ్స్ అను సంస్థ 2020 జూన్ 2వ తేదీన విడుదల చేసినది. ఇంటర్నెట్టు ద్వారా ఐదుగురు ఒక పక్షము, ఐదుగురు ఒక పక్షముగా ఆడుదురు. దాడి పక్షము 'స్పైక్' అను పేలుడు యంత్రమును నిర్ణీత స్థలములో నాటవలెను. నాటిన 45 సెకండ్లకు అది పేలును. రెండవ పక్షము దానిని నాటనీయకుండ చేయవలెను, లేదా నాటినపిమ్మట నిర్వీర్యము చేయవలెను. ముందుగా 13 వరుసలు గెలిచినవారిది జయము. గెలుపు ఓటములనుబట్టి ఆటగానికి ఐరన్ మొదలు రేడియంట్ వరకు తొమ్మిది అంతస్తులలో ఒకటి లభించును. మా విద్యార్థి ఏడాదిగా నిలిచిపోయిన బ్రాంజ్ వానిలో రెండవది.

ఇట్టి ఆటలను ఇంగ్లీషులో ఫస్ట్ పర్సన్ షూటర్ అందురు. దీనిని 'ప్రథమ పురుష' అని తెనిగించినచో తెలుగు పండితులు నవ్వుదురు. మన వ్యాకరణములో ప్రథమ పురుష అనగా 'వాడు'; 'నేను' అనునది ఉత్తమ పురుష. ఇక్కడ తెరమీద కనబడునది ఆడువాని కన్ను చూచునదే గనుక ఇది ఉత్తమ పురుష ఆట. ఈ మాట ఊరక చెప్పలేదు. 'నేను చూచితిని' అను దానికి ఈ ఆటలో అర్థమేమి అనునదే మన విచారణ.

ఆట ఉచితము. ఆ మాటలో మోసము లేదని ముందుగా ఒప్పుకొనవలెను. సంస్థ అమ్మునది ముఖ్యముగా తుపాకుల పైతొడుగులను, అనగా రంగులను, మెరుపులను. డబ్బు పెట్టి కొన్న తుపాకి గుండు కొననివాని గుండుకన్న గట్టిగా తగులదు. 'వాండల్' అను తుపాకితో తలకు తగిలిన గుండు ఎంత దూరమునుండియైనను 160 పాళ్ళ హాని చేయును. నిండు ప్రాణము 100, బరువైన కవచము 50, వెరసి 150. కాబట్టి ఒక్క గుండు చాలును. ధనికుని చేతిలోనైనను పేదవాని చేతిలోనైనను లెక్క ఒక్కటే.

కథ విషయమై కాలయాపన చేయను. 'రేడియనైట్' అను పదార్థము చుట్టు అల్లిన కల్పన అది. ఏ ఆవర్తన పట్టికలోను దానికి చోటు లేదు. ఈ ఆటలోని భౌతికశాస్త్రము మాత్రము విచిత్రమైనది. తుపాకి గుండుకు ప్రయాణ కాలము లేదు, బరువు లేదు. మీట నొక్కిన క్షణముననే అది సరళరేఖలో లక్ష్యమును చేరినట్లు కంప్యూటరు లెక్కించును. కాని సోవా అను పాత్ర వేయు బాణము అట్లు కాదు. అది వంగిన దారిలో పోయి క్రిందికి దిగును. కోరినచో గోడలకు తగిలి రెండుమార్లు ఎగిరిపడును. గుండుకు లేని గురుత్వాకర్షణ బాణమునకు ఉన్నదన్నమాట! ఏ మూల నిలిచి, ఎంత కోణములో, ఎంత బలముగా వదలినచో బాణము ఇంటి కప్పుమీదుగా పోయి ఫలానా గదిలో పడునో కొందరు విద్యార్థులు తడుముకొనకుండ చెప్పగలరు. ప్రక్షేపకముల పాఠములో వారే నిద్రపోవుట నేను చూచియున్నాను. ఈ విషయములో తప్పు వారిదనుకొనను.

ఇక అసలు సంగతి. పదిమంది పది ఊళ్ళలో కూర్చుండి ఒకే గదిలో ఉన్నట్లు ఆడవలెనన్న, ఎవరు ముందు కాల్చినది తేల్చుటకు మధ్యవర్తి ఒకడు కావలెను. ఆ మధ్యవర్తియే సర్వరు అను పెద్ద కంప్యూటరు. మన దేశపు ఆటగాండ్రకై ముంబయిలో సర్వరు ఉన్నది. ఆటగాడు కదలినను కాల్చినను ఆ వార్త సర్వరునకు పోవును. సర్వరు లెక్క చూచి ఫలితమును అందరికి పంపును. వాలొరెంట్ సర్వరు ఈ లెక్కను సెకండుకు 128 మార్లు చేయును. అనగా ఒక్కొక్క 'టిక్కు'నకు 7.8 మిల్లీసెకండ్లు మాత్రమే. అంతలోనే ఒకే యంత్రము అనేక ఆటలను నడపవలెను. ఆరంభములో తమకు ఒక్క లెక్కకు 50 మిల్లీసెకండ్లు పట్టెడిదనియు, దానిని 2.34కు లోపల దించవలసి వచ్చినదనియు ఆ సంస్థ ఇంజనీర్లు 2020లో ప్రకటించిరి. ఇంకొక యుక్తిని కూడ మెచ్చుకొనవలెను. గోడవెనుక దాగిన శత్రువు ఎక్కడ ఉన్నదీ సర్వరు మీ కంప్యూటరునకు చెప్పనే చెప్పదు. అతడు కనబడబోవు సమయమున మాత్రమే చెప్పును. లేని వార్తను దొంగిలించుట ఎవరితరము? (దొంగాటను పట్టుటకు వాన్‌గార్డ్ అను కావలి కార్యక్రమము కూడ ఉన్నది. 2020లో దానిని ప్రవేశపెట్టినప్పుడు అది కంప్యూటరు మేలుకొన్నది మొదలు లోలోపలి అరలో కూర్చుండునని తెలిసి పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. ఒక ఆటకు ఇంటి తాళపు గుత్తి అప్పగించుట నాకు నచ్చదు.)

సర్వరు ఎంత చురుకైనదైనను వార్త దానిని చేరవలెను గదా! గాజు తంతువులో కాంతి వేగము సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కాకినాడనుండి ముంబయికి సూటిగా కొలిచినచో దాదాపు 1000 కిలోమీటర్లు. కాంతి పోవుటకు 5, తిరిగి వచ్చుటకు 5, మొత్తము 10 మిల్లీసెకండ్లు చాలును. ఇది ప్రకృతి విధించిన పన్ను. దీనిని ఎవరును తగ్గించలేరు. కాని మా విద్యార్థి ఇల్లు కాకినాడ దగ్గరి పల్లెలో. వాడు అన్నగారి పాత కంప్యూటరునకు సెల్‌ఫోను కలుపుకొని ఆడును. వాని ఇంటివద్ద కొలువగా రాకపోకలకు 90 మిల్లీసెకండ్లు పట్టినది. పైబడిన ఆ 80 మిల్లీసెకండ్లు కాంతి తప్పు కాదు. అవి టవరువద్ద వంతుకై వేచియుండుటలోను, చుట్టుదారులలోను పోయినవి. విడుదలకు ముందు రయట్ సంస్థ నూటికి డెబ్బదిమంది ఆటగాండ్రకు ఈ రాకపోకలు 35 మిల్లీసెకండ్లకు మించకుండ చూడవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. మిగిలిన ముప్పదిమందిలో మావాడు ఒకడు.

ఈ ఆలస్యమును సర్దుబాటు చేయు పద్ధతులు పాతవే. 1996లో క్వేక్‌వరల్డ్ అను ఆటకై జాన్ కార్మాక్ ఒక ఉపాయము పన్నెను: ఆటగాని కంప్యూటరు సర్వరు జవాబునకై ఆగక అతని కదలికను తానే ఊహించి తెరమీద చూపును. గురిపెట్టుట విషయములో 2001లో వాల్వ్ సంస్థలోని యాన్ బెర్నియర్ మరియొక పద్ధతిని వివరించెను: సర్వరు గడియారమును కొంచెము వెనుకకు త్రిప్పి, కాల్చినవాని తెరమీద ఆ క్షణమున లక్ష్యము ఎక్కడ ఉండెనో చూచి తీర్పు చెప్పును. న్యాయమైన పద్ధతియే. కాని అది చచ్చినవానిని బ్రతికించదు. మీ గుండు వార్త చేరులోగా మీరు చనిపోయినట్లు సర్వరు వ్రాసికొన్నచో మీ గుండు చెల్లదు.

సందు మలుపున ఒకడు కదలక కాపు కాచియున్నాడనుకొందము. మరియొకడు గోడచాటునుండి బయటికి వచ్చును. బయటికి వచ్చువాని తెరమీద కాపువాడు వెంటనే కనబడును. ఏలననగా కదలనివాని పాత ఫొటో, కొత్త ఫొటో ఒక్కటే. వార్త పాతదైనను నష్టము లేదు. కాపువానికి మాత్రము ఎదుటివాడు బయటికి వచ్చిన వార్త సర్వరుమీదుగా చేరవలెను. కనుక కదలివచ్చువాడు ముందు చూచును, నిలిచియున్నవాడు వెనుక చూచును. ఆటగాండ్రు దీనిని 'పీకర్స్ అడ్వాంటేజ్' అందురు. ఇది ఐన్‌స్టయిన్ 1905లో చెప్పిన ఏకకాలికతా సమస్య కాదు. విద్యార్థులు రెంటిని కలుపుకొనరాదు. ఇది కేవలము కబురు ఆలస్యము.

వాని చేయి నిజముగా మందమా అనునది మొదట తేల్చవలెను గనుక ప్రయోగశాలలో 30 సెంటీమీటర్ల కొలబద్ద తీసికొంటిని. నేను పైన పట్టుకొని హెచ్చరిక లేకుండ వదలుట, వాడు క్రింద వ్రేళ్ళతో పట్టుట. పదిమార్ల సగటున కొలబద్ద 19 సెంటీమీటర్లు జారినది. దూరము = ½gt² అను సూత్రమునుబట్టి అది 197 మిల్లీసెకండ్లు. తరువాత పాత్రలు మార్చితిమి. నాకు 24 సెంటీమీటర్లు, అనగా 221 మిల్లీసెకండ్లు. వానికి సంతోషమైనది. నేను వయస్సును నిందించుకొంటిని.

ఇప్పుడు నావంటి మందపు చేయి గలవానిని ఒకనిని ముంబయిలో మంచి కంప్యూటరుముందు కూర్చుండబెట్టుదము. అతని రాకపోకలు 10 మిల్లీసెకండ్లు. తెర సెకండుకు 144 మార్లు మారును గనుక బొమ్మకు బొమ్మకు 7 మిల్లీసెకండ్లు. మావాని పాత యంత్రము సెకండుకు 30 బొమ్మలే చూపును. బొమ్మకు 33. (ముప్పది బొమ్మలు చాలునని, తక్కువ శక్తిగల యంత్రములమీదను ఆట నడచునని సంస్థ చెప్పినమాట నిజమే. నడచును.) మావాడు కాపు, ముంబయివాడు బయటికి వచ్చును. చిన్న చిన్న సర్దుబాట్లను విడిచి, బొమ్మకును టిక్కునకును పట్టగల గరిష్ఠ కాలమును వేసి లెక్క చూతము. ముంబయివాడు 7కు చూచి, 228కి కాల్చును. 233కు వార్త సర్వరును చేరును. వాడు బయటికి వచ్చిన కబురు సర్వరునకు 5, టిక్కునకు 8, పల్లెకు 45, తెరకు 33, వెరసి 91 మిల్లీసెకండ్లకు గాని మావానికి కనబడదు. రైఫిలు పట్టి పరుగెత్తువాని వేగము సెకండుకు 5.4 మీటర్లు, కనబడునప్పటికే వాడు మూరకు మించి నడచియున్నాడు. మావాడు 288కి కాల్చును. 333కు వార్త చేరును. 24 మిల్లీసెకండ్లు చురుకైన చేయి 100 మిల్లీసెకండ్లు ఆలస్యముగా చేరినది!

లెక్కను తిరుగవేసి చూచినప్పుడు నాకే ఆశ్చర్యమైనది. మావాడే బయటికి వచ్చి, ముంబయివాడు కాపు ఉన్నచో? మావాడు 33కు చూచి 230కి కాల్చును. 275కు వార్త చేరును. ముంబయివానికి మావాడు 65కు కనబడును, 286కు కాల్చును, 291కి చేరును. అదే పల్లె, అదే పాత కంప్యూటరు; 16 మిల్లీసెకండ్లతో గెలుపు మావానిది. ఏడాదిపాటు వాడు మూలలలో నక్కి ఓపికగా కాపు కాచెనట. తనకు వేగము లేదని నమ్మినవాడు జాగ్రత్తగా నిలుచుట సహజమే. ఆ జాగ్రత్తయే వానిని ముంచినది.

నా ఫిర్యాదు ఇక్కడనే. చనిపోయిన ప్రతిసారియు ఈ ఆట 'కంబాట్ రిపోర్టు' అను పట్టికను చూపును. ఎవరు కాల్చిరి, ఎన్ని గుండ్లు తగిలినవి, తలకా కాలికా, ఎంత హాని, అన్నియు అందులో ఉండును. ఎదుటివాడు బయటికి వచ్చిన ఎన్ని మిల్లీసెకండ్లకు మీకు కనబడెనో అందులో లేదు. రాకపోకల ఆలస్యమును తెర మూలలో చూపు ఏర్పాటు ఉన్నమాట నిజమే. కాని మలుపువద్ద ఇద్దరి ఆలస్యములు కలిసి ఏమి చేసినవో ఆ అంకె చెప్పదు. 128 టిక్కులకై అంత శ్రమపడిన ఇంజనీర్లకు ఆ వరుస ఒకటి చేర్చుట కష్టము కాదు. తుపాకులను అందరికి ఉచితముగా ఇచ్చి, కాలమును మాత్రము తీగకు, తెరకు, యంత్రమునకు వెలగట్టి కొనుక్కొనుడని వదలి, ఆ పిమ్మట అందరిని ఒకే నిచ్చెనమీద ఐరనని, బ్రాంజని నిలబెట్టుట నాకు సరిగా తోచలేదు. ఆ నిచ్చెన కొలుచునది చేతిని మాత్రమే కాదు. ఆ మాట దానిమీద ఎక్కడను వ్రాసి లేదు.

మావాడు దరఖాస్తు పెట్టెను. ఆటలో ఈమధ్య సిల్వర్ చేరినాడట. అది కాపు మాని మలుపు దాటుట నేర్చినందువలననా, అదే నెలలో వాని అన్న కొత్త కంప్యూటరు కొన్నందువలననా అని అడిగితిని. రెండు మార్పులు ఒక్కసారే చేసితివి, ఇట్టి ప్రయోగమునకు నేను మార్కులు వేయనంటిని. పాత కంప్యూటరు ఇంకను ఇంట్లోనే ఉన్నదట. సెలవులలో దానిమీద యాబది ఆటలు ఆడి లెక్క తెచ్చెదనని చెప్పి పోయినాడు.