‘మేజర్ బార్బరా’ రెండవ యంకము: పేదల భక్తి, రక్షణ శబ్దము

బెర్నార్డ్ షా రచించిన ‘మేజర్ బార్బరా’ను తండ్రీకూతుళ్ల వాదముగా బోధించుట మన కళాశాలలలో పరిపాటియైనది. తండ్రి ఆండ్రూ అండర్‌షాఫ్టు ఫిరంగులు చేసి యమ్మువాడు. కూతురు బార్బరా రక్షణ సైన్యమున మేజరు పదవియందున్న సువార్త సేవకురాలు. ఎవరి మార్గము పేదల నుద్ధరించునన్నది ప్రశ్న. మూడవ యంకమున తండ్రి గెలిచినట్లును, కూతురు తన భక్తిని క్రొత్త తావునకు తరలించుకొన్నట్లును తేల్చి పాఠము ముగింతురు. ఈ పఠనము తప్పని మే మనము. కాని యిందు నాటకము సగమే కనబడును. మా దృష్టిలో దీని ప్రాణము రెండవ యంకమున, వెస్ట్ హామ్ ఆశ్రయగృహపు పెరటిలో, చలికి వణకుచు రొట్టెముక్క తినుచున్న నలుగు రైదుగురి మాటలలో నున్నది. అచట షా తానే సమాధానము చెప్పలేని ప్రశ్నను వ్రాసి, మూడవ యంకమున దానిని విడిచిపెట్టెను. ఈ విషయమును కొంత వివరింప దలచితిమి.

నాటకము 1905 నవంబరు 28న లండను కోర్టు థియేటరులో తొలుత ప్రదర్శింపబడినది. దీర్ఘమైన పీఠికతో 1907లో అచ్చయినది. రక్షణ సైన్యము అప్పటికి నలువదేండ్ల సంస్థ. విలియం బూత్, ఆయన భార్య కేథరిన్ 1865లో తూర్పు లండనులోని వైట్‌చాపెల్ ప్రాంతమున ప్రారంభించిన క్రైస్తవ ప్రచారమే 1878లో సైన్యమను పేరు దాల్చినది. జెండాలు, బాకాలు, మేజర్లు, కమిషనర్లు అన్నియు వచ్చినవి. స్త్రీలకు పురుషులతో సమానమైన పదవు లిచ్చుట యానాటి క్రైస్తవ సంఘములలో నరుదు. కథానాయికను మేజరు చేయుటకు షాకు వీలు చిక్కినది ఇందువలననే. 1890లో బూత్ తన ప్రసిద్ధ గ్రంథమున నగరదరిద్రులకు పట్టణ నివేశములు, వ్యవసాయ నివేశములు, విదేశ నివేశములు అను మూడంచెల ప్రణాళికను ప్రకటించెను. ఇంటిపేరు తప్ప ఈయనతో సంబంధము లేని చార్లెస్ బూత్ అదే కాలమున లండను బీదరికమును వీథివీథికి లెక్కించి, జనాభాలో నూటికి 30.7 మంది దారిద్ర్యమున నున్నారని తేల్చెను. ఇక వెస్ట్ హామ్ రేవుల ఊరు. ఏ పూటకాపూట కూలి దొరకిన దొరకినట్లు, లేకున్న లేనట్లు. 1892లో కీర్ హార్డీని పార్లమెంటునకు పంపిన దక్షిణ వెస్ట్ హామ్ నియోజకవర్గము ఇక్కడిదే. షా తన యాశ్రయగృహము నిచట నిలుపుట ఊరక చేసిన పని కాదు.

అంకము తెర లేచునప్పటికి జనవరి మాసపు ఉదయము. స్నాబీ ప్రైస్ అను యువకుడును, రమ్మీ మిచెన్స్ అను ముసలిదియు బల్లవద్ద కూర్చుండి, మార్గరీను, పాకము పూసిన రొట్టె తలకొక ముక్కయు నీళ్లు కలిపిన పాలును పుచ్చుకొనుచున్నారు. నీళ్లు కలిపిన పాలని షా రంగసూచనలోనే వ్రాసినాడు. దానమునకు కొలత యుండునని యొక్కమాటతో తెలిపినాడు. వీరిరువురి సంభాషణ మెల్లగా నసలు విషయమునకు వచ్చును. స్నాబీ తాను తల్లిని కొట్టిన దుర్మార్గుడనని సభలలో నొప్పుకొనును. నిజమునకు తల్లియే వానిని కొట్టెడిది. రమ్మీ మర్యాదగా బ్రతికిన స్త్రీ. కాని సైన్యమువా రుద్ధరించుటకు పతితలు కావలెను గనుక తానును పతితనని చెప్పుకొనవలసి వచ్చినది. ఇందులో నామె కొక బాధ యున్నది. పురుషుల పాపములను వేదికమీద బిగ్గరగా చెప్పనిత్తురు, స్త్రీల పాపములను మాత్రము చెవిలో గుసగుసలాడవలెను. కల్పించిన పాపమునకైనను సభ దొరకదని యామె మొర.

ఇట్టి యొప్పుకోలును తెలుగు క్రైస్తవులు ‘సాక్ష్యము చెప్పుట’ యందురు. ప్రార్థన జరుగు సమావేశమును ‘కూటము’ అందురు. మన నిఘంటువులలో ‘కూటసాక్ష్యము’ దొంగసాక్ష్యము గదా! స్నాబీ చేయునది రెండర్థములందును కూటసాక్ష్యమే. ఇది యొక చమత్కారము మాత్రమేయని పాఠకులు త్రోసివేసినను మాకు బాధ లేదు. కాని యిందొక సత్యమున్నది. అన్నము పెట్టువాడు వినగోరు కథను ఆకలిగొన్నవాడు త్వరలోనే కనిపెట్టును. వాడు చెప్పునది అబద్ధమే. ఐనను దానిని కోరినవారెవరు? షా ఈ ప్రశ్నను స్నాబీమీద కంటె ఆశ్రయగృహముమీదనే యెక్కువగా మోపినాడు. కనుకనే యీ ఘట్టము వట్టి ప్రహసనము కాలేదు.

వీరికి ప్రతిగా పీటర్ షర్లీ వచ్చును. వయస్సు నలువదియారు. తల నెరసినదని పనినుండి తొలగింపబడినాడు. దేవుని నమ్మడు, సెక్యులరిస్టు. దానపు రొట్టె ముట్టుటకు సిగ్గుపడుచు, ఆకలికి తాళలేక తినును. వా డబద్ధమాడడు. కావున ఆ పెరటిలో వానికి చెప్పుకొనుటకు కథయే లేదు. నాటకమంతటిలో ఆత్మగౌరవము చెక్కుచెదరక మిగిలిన పేద వీడొక్కడే. షా పీఠికయందు దారిద్ర్యమును నేరములన్నిటిలో ఘోరమైన నేరముగా వాదించుచు, నిజాయితీగా పేదవాడై యుండుట నొక సుగుణముగా నెంచుటను గేలిచేయును. వాదముగా నది యట్లుండనిండు. రంగముమీద మాత్రము షర్లీ నోరు విప్పునపుడు ఆ గేలి నిలువదు. పీఠిక వ్రాసిన షాకును నాటకము వ్రాసిన షాకును ఇచట పొత్తు కుదరలేదని మా యభిప్రాయము. పీఠికను తాళపుచెవిగా పట్టుకొని నాటకమును తెరచు విద్యార్థులు ఈ తావున జాగ్రత్త వహింపవలెను.

అటుపై బిల్ వాకర్ ప్రవేశించును. వాని ప్రియురాలు మాగ్ సైన్యమున చేరినది. ఆ కసితో వాడు రమ్మీని కొట్టును, జెన్నీ హిల్ అను పదునెనిమిదేండ్ల సేవకురాలిని ముఖముమీద కొట్టును. జెన్నీ వాని కొరకే ప్రార్థించును. బార్బరా వాని మనస్సును కోపముతో గాక ఓర్పుతో గుచ్చిగుచ్చి కదిలించును. మాగ్ ఇప్పుడు టాజర్ ఫెయిర్‌మైల్ అను మల్లునితో కలిసి కానింగ్ టౌనులో సేవ చేయుచున్నదని విని, వానిచేత దెబ్బలు తిని ఋణము తీర్చుకొందమని బిల్ అచటికి పోవును. టాజర్ వానిని కొట్టడు. క్రిందపడవేసి, వానిపై మోకాళ్లూని ప్రార్థన చేయును. బిల్ అవమానముతో తిరిగివచ్చి, జెన్నీకి పరిహారముగా నొక సవరను ఇయ్యజూపును. బార్బరా తీసికొనదు. ఆత్మను డబ్బుతో విడిపించుకొనుటకు వీలులేదని యామె పట్టుదల. అదే పెరటిలో, అదే గంటలో, కమిషనరు మిసెస్ బేన్స్ సారాబట్టీల ధనికుడు బాడ్జరు వాగ్దానము చేసిన అయిదువేల పౌనులను, వానికి జతగా అండర్‌షాఫ్టు ఇచ్చిన అయిదువేలను కన్నీళ్లతో స్వీకరించును. బిల్లు సవరనుకు లేని రక్షణ, బాడ్జరు చెక్కునకు దొరకినది. రక్షణ యిప్పుడు వెల యెంతయని బిల్ అడుగు ప్రశ్నకు నాటకమున నెవరును జవాబు చెప్పలేదు.

ఈ దానఘట్టమున మిసెస్ బేన్స్ నోట షా చొప్పించిన యొక చారిత్రక ప్రసక్తి గమనింపదగినది. 1886లో పనిలేని కూలీలు పాల్‌మాల్ వీథిలోని ధనికుల క్లబ్బుల యద్దములు పగులగొట్టిరి. ఆమె దానిని గుర్తుచేసి, పేదల యుడుకును ప్రార్థనవైపు మరలించుచున్న సైన్యమునకు ధనికులు సాయపడవలెనని విన్నవించును. అద్దములు పగిలిన మరునాడే సహాయనిధికి చందాలు పొంగిపొరలినవని అండర్‌షాఫ్టు జ్ఞాపకము చేయును. పేదల భక్తి ధనికుల కొక బీమా యని యింత సూటిగా, అదియును భక్తురాలి ముఖముననే పలికించిన మరియొక నాటకము మాకు స్ఫురించుట లేదు.

బార్బరా తన కాలరునకున్న వెండి గుర్తును తీసి తండ్రి యెదకు తగిలించును. బాకాలు మ్రోగుచు ఊరేగింపు సాగిపోవును. గ్రీకు పండితుడైన ఆమె వరుడు కజిన్స్ పెద్ద డోలు వాయించును, తండ్రి ట్రాంబోను ఊదును. ఆమెయు, షర్లీయు, బిల్లును పెరటిలో మిగులుదురు. సిలువమీది క్రీస్తు ఆక్రందన యామె నోట వెలువడును. పిమ్మట నామె తనవద్దనున్న చిల్లరతో ఇరువురికి తేనీరు దొరకునని షర్లీని వెంటబెట్టుకొని పోవును. విశ్వాసము కూలిన భక్తురాలును, విశ్వాసమే లేని కూలివాడును ఒక తేనీటి కొరకు కలిసి నడచిపోవుదురు. అప్పటివరకు పెట్టువారు వేరు, తినువారు వేరు. సాక్ష్యము వినువారు వేరు, చెప్పువారు వేరు. ఈ క్షణమున మాత్రమే ఆ గీత చెరిగినది. క్రైస్తవులు సహవాసమను మాటతో దేనిని తలంతురో అది యీ నాటకమున డోలు మ్రోగినచోట లేదు, ఇచట నున్నది. దీనిని షా యింత తేలికగా దాటిపోవుట మాకు వింతగా తోచును.

ఇక లోపమును గూర్చి. పేదలలో నిజముగా నమ్మినవా రెవరని వెదకినచో, పెరటిలో జెన్నీ యొక్కతె కనబడును. మిగిలినవారు మాగ్, టాజరులు. మల్లయుద్ధమునకు వచ్చు మంచి రాబడిని విడిచి సార్జంటైన టాజరు కథయు, ప్రియుని దెబ్బలను విడిచి క్రొత్త జీవితమునకు పోయిన మాగ్ కథయు మనకు ఇతరులు చెప్పగా వినబడునే కాని, వారు రంగముమీదికి రారు. బొంకువారిని, విసిగినవారిని, కొట్టువారిని షా కండ్లయెదుట నిలిపినాడు. శ్రమజీవుల ఇండ్లలో భక్తి వారి స్వంత సొత్తుగా ఎట్లు బ్రతుకునో చూపవలసి వచ్చినపుడు తెర వెనుకకు నెట్టినాడు. ఇది యాయన ఎరుకలేమి యని మే మనజాలము. వీథి ఉపన్యాసకుడుగా, సంగీత విమర్శకుడుగా ఆయన సైన్యపు బాకాల నెరిగినవాడు, వాని ప్రజ్ఞను మెచ్చినవాడు. కాని వాదమునకు లొంగని భక్తిని రంగముమీద నిలిపినచో మూడవ యంకము నడువదు. కావున టాజరు కానింగ్ టౌనుననే యుండవలసి వచ్చినది.

మూడవ యంకమున అండర్‌షాఫ్టు కార్మికనగరము పెరివేల్ సెయింట్ ఆండ్రూస్ కనబడును. తెల్లని గోడలు, గ్రంథాలయములు, పాఠశాలలు, వృద్ధులకు పింఛను నిధి, ప్రార్థనమందిరము సైతము కలవు. ఆకలి లేదు. అచట షర్లీకి ద్వారపాలకుడుగా ఉద్యోగమిచ్చిరని సంభాషణలో తెలియును. వాడు మిక్కిలి దుఃఖముతో నున్నాడట. ఇచ్చిన యిల్లు మరీ వైభవముగా నుండుటచే గదులలోనికి పోవ సిగ్గుపడి, పాత్రలు తోము వెనుకగదిలో నక్కియుండునట. ఇది నవ్వుటకై వ్రాసినది. మాకు నవ్వు రాలేదు. బార్బరాతో తేనీరు త్రాగిన వానిని షా మరల రంగముమీదికి తేలేదు, వార్తగా మాత్రము చెప్పినాడు. స్నాబీ, రమ్మీ, బిల్ జాడయే లేదు. కడుపు నిండినవారి యాత్మలకే యిక తాను బోధింతునని, రొట్టె లంచము తొలగినదని బార్బరా సంతసించును. లంచము తొలగినమాట నిజమే. కాని పనియు, ఇల్లును, ప్రార్థనమందిరమును ఒకే యజమానివైనపుడు సాక్ష్యము చెప్పువాడు ఏ కథ నల్లునో స్నాబీ నడిగిన తెలియును.

ఇచట తెలుగుమాట మనకొక దీపము పట్టును. బార్బరా సంస్థను తెలుగువారు ‘రక్షణ సైన్యము’ అందురు. తొలిదినములలో ఉత్తరాదిని ‘ముక్తిఫౌజు’ అను పేరు ప్రచారమున నుండెను. ముక్తి యనగా విడుదల. రక్షణ యనగా కాపాడుట. తెలుగు బైబిలు రెండవ మాటను నిలిపినది. మన వ్యవహారమున రక్షణ ఆత్మకే కాదు, ఒడలికిని వర్తించును. కూతును ఆకలి, చలి, అద్దె మున్నగు సప్తపాపములనుండి తన డబ్బే రక్షించినదని అండర్‌షాఫ్టు చేయు వాదము ఆంగ్లమున మతపదమును ఎత్తిపొడుపుగా వాడుట. తెలుగున నది సహజార్థమే యగును. అంతేకాదు, దేశపు సైనిక వ్యవహారములు చూచు శాఖను మనము ‘రక్షణ శాఖ’ యనుచున్నాము. ఫిరంగుల వర్తకుడును సువార్త మేజరును ఒకే శబ్దముక్రింద నిలుతురు. షా మూడంకములు శ్రమించి కలిపినవానిని మన భాష యెన్నడో కలిపియుంచినది! ఐతే యీ శబ్దమున కొక భారమున్నది. రక్షించువాడు కావలెను, వాని చేతిక్రింద నుండవలెను. రక్షితుడు స్వతంత్రుడా యను సందేహము ముక్తియందు పుట్టదు, రక్షణయందు పుట్టును. షర్లీ దుఃఖము సరిగా నిదియే.

ఈ సందేహము మన నేలమీదను పరీక్షకు వచ్చినది. 1882లో ఫ్రెడరిక్ టక్కరు, సివిలు సర్వీసు ఉద్యోగము విడిచినవాడు, బొంబాయిలో దిగి సైన్యపు పని ప్రారంభించెను. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము ననుసరించి, ఎరుకల కుటుంబముల నుంచుటకై బాపట్ల సమీపమున స్టువర్టుపురము 1913లో వెలసినది. దాని నిర్వహణము రక్షణ సైన్యమున కప్పగింపబడెను. నివాసులకు చీరాలలోని పొగాకు కర్మాగారమున పనియు దొరకెను. ప్రార్థన, పని, హాజరుపట్టిక, సరిహద్దు దాటుటకు అనుమతి యన్నియు ఒక్క కప్పుక్రింద చేరెను. ఆ చట్టము 1952లో రద్దయినది. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున ఈ నివేశపు చరిత్రను కూలి సంబంధముల దృష్టితో పరిశీలించినారు. స్టువర్టుపురము పల్లెయే, నగరము కాదు. పెరివేల్ వలె సుందరమును కాదు. ఐనను ఆశ్రయగృహమును కర్మాగారమును ఒకచో చేర్చిన మూడవ యంకపు కల్పనను చదువు తెలుగు విద్యార్థి దీనిని తలపోయకుండుట కష్టము.

నాటకమును తెనిగింప బూనువారికి పెద్ద చిక్కు పెరటిమాటల భాష. తూర్పు లండను యాసను షా అక్షరములను విరిచి వ్రాసినాడు. మాండలికములను, స్థాయీభేదములను రంగముమీద నిలుపుటకు గురజాడ ‘కన్యాశుల్కము’ మన కెన్నడో దారి చూపినది కావున, బిల్ వాకరును గ్రాంథికమున పలికింప నవసరము లేదు. విజయవాడ రైలు గూడ్సుషెడ్డువద్ద బస్తాలు మోయువాని పలుకుబడి వానికి చాలును. కాని వాని ప్రశ్నలోని యొక్కపదమును మాత్రము మార్చరాదు. మోక్షమనియో, తరణోపాయమనియో వ్రాసినచో వెల యడుగుట పొసగదు. పేటలోని ప్రార్థనకూటములలో వాడుకయందున్న ‘రక్షణ’యే వాని నోట పడవలెను. దాని ప్రక్కన, అటకమీదనుండి సవరను దొంగతనమును చూచియు బిల్ దెబ్బకు కక్ష తీర్చుకొనుటకై అంతవరకు నోరు మెదపని రమ్మీ కేకను గూడ ఏ మాటా తగ్గింపక తెనిగింపవలెను.