ఇంటికి లేని తనిఖీ ఇంటిపేరుకెందుకు?

"మీ ఇంటిపేరేంటి బాబూ?" హైదరాబాదులో గది వెతుక్కునే దళిత విద్యార్థికి అద్దె ఎంతో తెలియకముందే ఎదురయ్యే ప్రశ్న ఇది. తర్వాత ఏ ఊరు, ఊళ్లో ఏ వైపు, నీసు తింటారా అని. చివరికి "మా తమ్ముడి వాళ్లు వస్తామన్నారు" అంటూ గేటు మూస్తారు. టు-లెట్ బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతుంటుంది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టాన్ని మేము ఈ గేటు బయట నిలబడి చదివాం. ఇది రాష్ట్రాలు అనుసరించటానికి ఇచ్చిన నమూనా. ఇందులో మంచి లేదని అనం. ఒప్పందం రాతలో ఉండాలంది. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదంది. నీళ్లూ కరెంటూ ఆపకూడదంది. వైరింగు యజమాని బాధ్యత అని షెడ్యూల్లో రాసింది.

మా విమర్శ ఇక్కడే మొదలవుతుంది. ఈ చట్టం ఒప్పందాన్ని నమోదు చేస్తుంది గానీ ఇంటిని తనిఖీ చెయ్యదు. రెండు నెలల్లోగా ఒప్పందం సంగతి అద్దె అథారిటీకి తెలపాలి. ఆ ఇంట్లో మనుషులు ఉండొచ్చా లేదా అని ముందుగా చూసే నాథుడు లేడు. ఇంగ్లండులో 2004 గృహ చట్టం ప్రకారం, వేర్వేరు కుటుంబాల వాళ్లు అయిదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పంచుకునే ఇంటికి స్థానిక కౌన్సిలు లైసెన్సు ఉండాలి. మొదట మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అంతస్తులున్న ఇళ్లకే ఉన్న ఈ నిబంధనను 2018లో అంతస్తులతో పని లేకుండా విస్తరించారు. అద్దె ఇంట్లో గ్యాసు పరికరాల్ని యజమాని ఏటా పరీక్ష చేయించాలి.

మన దగ్గర? 2022 మార్చిలో సికింద్రాబాదు బోయిగూడలో తుక్కు గోదాం తగలబడి, పైన పడుకున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. కనీసం తొమ్మిది మంది పోయారు. పోయినవాళ్లంతా దళితులని మేమనటం లేదు. మంచి ఇంటి గేటు మూసినప్పుడు మనిషి ఎక్కడికి చేరతాడో అడుగుతున్నాం.

మా సంగతే చెబుతాం. పరిశోధనకొచ్చిన కొత్తల్లో ముగ్గురం ఒక డాబా మీద రేకుల గదిలో ఉన్నాం. బోర్డు మీద దాని పేరు పెంట్‌హౌస్! స్నానాల గదిలో తడిచేత్తో స్విచ్చి ముట్టుకుంటే జివ్వుమనేది. ఓనరుకు చెప్పలేదు. ఇంటిపేరు మార్చి చెప్పి చేరినవాళ్లం. గట్టిగా అడిగితే మా గురించి ఆరాలు మొదలవుతాయి. కర్రముక్కతో స్విచ్చి వేసుకుంటూ ఏడాది గడిపాం. కులం దాచుకున్నవాడు షాకు కొట్టినా నోరెత్తలేడు. అందుకే వివక్ష వేరు, భద్రత వేరు అనే వాదనను మేము ఒప్పుకోం.

నమూనా చట్టానికి ఇది కనబడలేదు. కులం పేరున ఇల్లు నిరాకరిస్తే ఏం చెయ్యాలో అందులో ఒక్క నిబంధనా లేదు. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్లు అని పేరుపేరునా చెప్పింది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. 1917లో బరోడాలో ఉద్యోగానికొచ్చిన అంబేద్కర్‌ను పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి గెంటేశారు. విదేశీ చదువులు ఆయనకు ఒక్క గది ఇప్పించలేకపోయాయి. శతాబ్దం తర్వాత, 2015లో సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసిన అధ్యయనంలోనూ దళితులకూ ముస్లింలకూ గేట్లు మూతపడటమే తేలింది.

లైసెన్సు పెడితే లంచాలు పెరుగుతాయి, ఆ ఖర్చు అద్దెలో కలుస్తుంది అనేవాళ్లున్నారు. నిజమే. వాడల్లో ఒక గది వేసి అద్దెకిచ్చుకునే మనవాళ్లకూ అది భారమే. కాబట్టి చిన్న ఇళ్లకు రుసుము వద్దు, వైరింగు బాగుచేసుకోటానికి సాయం ఇవ్వాలి. తనిఖీ ఫలితం గేటు మీద అతికించాలి. ఫిర్యాదు చేసినవాణ్ణి ఖాళీ చేయించటం నేరం కావాలి. కులం అడిగి ఇల్లు నిరాకరించటమూ నేరం కావాలి. వీటిలో చివరిది లేకుండా మొదటివి వస్తే, భద్రమైన ఇళ్లు వాళ్లకు, రేకుల గదులు మనకు మిగులుతాయి.

అద్దె కట్టేవాడు ఇంటిపేరు చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో కరెంటు తీగ ఎట్లా ఉందో ఇల్లుగలాయనే చెప్పాలి.