నూనె అడిగే ఇనుము, నూనె గిట్టని ఇనుము

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి కొత్త బండిని పూజకు తీసుకెళ్లేముందు శుభ్రంగా కడగడం మావైపు ఆనవాయితీ. మా పిన్ని కొడుకు కూడా సాయంత్రం కారు కడిగి, వాకిట్లో నిలిపి పడుకున్నాడు. తెల్లారి టైర్ల కింద నిమ్మకాయలు పెడదామని వంగినవాడు అలాగే ఉండిపోయాడు. చక్రం సందుల్లోంచి కనబడే బ్రేకు డిస్కు నిండా నారింజ రంగు తుప్పు. "అన్నయ్యా, ఎక్కడో వానలో నానిన బండి అంటగట్టారేమో చూడు" అన్నాడు బెంగగా. పిన్ని మాత్రం తొణకలేదు. వంటింట్లోంచి నూనె గుడ్డ తెచ్చి, "అట్ల పెనానికి రాసినట్టు కాస్త రాయరా, పోతుంది" అంది.

గుడ్డ డిస్కుకు తగిలేలోపు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ వైద్యం ఆమె పెనం మీద ఏనాడూ వికటించలేదు. డిస్కు మీద అదే వైద్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండు ఇనప బిళ్లల్ని పక్కపక్కన పెట్టి చూడాలని ఆ పూటే అనిపించింది.

పుట్టుకలో రెండూ దాయాదులే. పాతకాలపు అట్ల పెనం పోత ఇనుము. కారు డిస్కు కూడా సాధారణంగా పోత ఇనుమే. అందులో నూటికి 3, 4 పాళ్లు కార్బన్. అది చాలావరకు సన్నని గ్రాఫైట్ రేకులుగా లోపల పరుచుకుని ఉంటుంది. పెనం పొయ్యి వేడిని పట్టి ఉంచి అట్టును సమంగా కాలుస్తుంది. అలాగే డిస్కు, బ్రేకు నొక్కినప్పుడు పుట్టే వేడిని మింగి మెల్లగా గాలికి వదిలేస్తుంది. గ్రాఫైట్ రేకులు అదురును కూడా అణుస్తాయి. మరి మోటారుసైకిలు డిస్కు తెల్లగా మెరుస్తుందేం అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. అది స్టెయిన్‌లెస్ స్టీలు. దానికి తుప్పు భయం తక్కువ, అయితే వేడిని పోత ఇనుమంత చురుగ్గా లాగలేదు. బరువైన కారును ఆపాల్సిన చోట, తుప్పు పడుతుందని తెలిసే పోత ఇనుమును ఎంచుకున్నారు.

పెనం సంగతి మన ఆడవాళ్లకు నేను చెప్పేదేముంది? కొత్తదాన్ని గంజిలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్దుతూ పొగ వచ్చేదాకా కాలుస్తారు. వేడికి నూనె గట్టిపడి నల్లని పొరగా ఇనుమును కరుచుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం నీరూ గాలీ ఇనుము దాకా పోలేవు. ఎవరైనా కొత్త కోడలు పీచుతో గట్టిగా తోమిందంటే మర్నాటికి ఎర్రబడుతుంది. అప్పుడు చింతపండుతో రుద్ది మళ్లీ మొదలు.

డిస్కుదీ నూనెతోనే ఆరంభం, అయితే దిశ వేరు. కొత్తగా కొన్న డిస్కు మీద చాలాసార్లు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. బిగించేముందు మెకానిక్ బ్రేక్ క్లీనర్ కొట్టి దాన్ని జిడ్డు లేకుండా తుడిచేస్తాడు. డిస్కును ఒత్తి ఆపే ప్యాడ్‌లోకి నూనె ఇంకితే పట్టు పోతుంది. ఆ ప్యాడ్ మార్చుకోవడమే. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ, పలుమార్లు తగ్గిస్తారు. ప్యాడ్ పదార్థం పలచని పొరగా డిస్కుకు అంటుకుంటుంది. ఇక్కడ మళ్లీ ఇద్దరూ చుట్టాలే: వేడీ పనీ కలిసి తెచ్చిన పొరే ఇద్దరికీ. అయితే పెనం పొర నీటిని ఆపుతుంది, డిస్కు పొర ఆపలేదు. తడిసిన ప్రతి రాత్రీ అది ఎర్రబడుతుంది, పొద్దున ప్యాడ్లు దాన్ని గీకేస్తాయి.

ఆ రోజు పూజ అయ్యాక బండిని పులిగడ్డ వారధి వైపు నెమ్మదిగా పోనిచ్చాం. మొదట నాలుగుసార్లు బ్రేకు వేసినప్పుడు గరగర. వారధి చేరేసరికి ఆ చప్పుడు లేదు. దిగి చూస్తే డిస్కు అద్దంలా ఉంది. తమ్ముడి మొహం అప్పటికి గానీ తేటపడలేదు.

అన్ని తుప్పులూ ఇంత మంచివి కావు. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే సముద్రం నుంచి మా దివిసీమ మీదికి ఉప్పుగాలి వీస్తుంది. ఉప్పు తేమను పట్టి ఉంచి తుప్పును తొందరపెడుతుంది. ప్యాడ్ తగలని చోట పట్టింది దానంతటదే పోదు. డిస్కు కూర్చునే పాత హబ్ మీది తుప్పు గీకకుండా కొత్త డిస్కు బిగిస్తే, అది నిటారుగా కూర్చోక, కొన్నాళ్లకు బ్రేకు పెడల్ పాదం కింద అదురుతుంది. డిస్కు ముఖాన గుంటలు పడినా, అంచున మెట్టు కట్టినా, గరగర రోజుల తరబడి పోకపోయినా మందం కొలిపించాలి. కనీసం ఎంత ఉండాలో చాలావరకు డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. పెనం గుంటలు పడితే అట్టు అంటుకుంటుంది. డిస్కు గుంటలు పడితే ఎదురుగా ఉన్న మనిషికీ బండికీ మధ్య దూరం చాలకపోవచ్చు.

పని లేకపోవడం దగ్గర ఈ రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. పెనానికి నూనె రాసి పెడితే చాలు, డిస్కుకు ఆ వీలు లేదు. ఎలక్ట్రిక్ కారు చాలాసార్లు మోటారుతోనే వేగం తగ్గించుకుంటుంది గనక డిస్కుకు పని తక్కువ, తుప్పు నిలిచిపోయే వీలు ఎక్కువ. ఫోక్స్‌వాగన్ తన ఐడి 4 కారుకు వెనక చక్రాల దగ్గర మూసి ఉండే డ్రమ్ము బ్రేకులు పెట్టింది. పాతదని మనం చిన్నచూపు చూసే డ్రమ్ముకు అలా చోటు దొరకడం నాకు సంతోషంగా ఉంది.

మొన్న తమ్ముడు ఉద్యోగం పని మీద మూడు నెలలు వేరే ఊరు వెళ్లాడు. వాడితో వెళ్తూ పిన్ని పెనానికి నూనె రాసి, పేపరు చుట్టి అటక ఎక్కించింది. కారు తాళాలు నాకిచ్చారు. హ్యాండ్‌బ్రేకు వేయకుండా, గేరులో ఉంచి, చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టాను. వారానికి రెండుసార్లు చల్లపల్లి దాకా తిప్పుకొస్తున్నాను.